కావలూరు కొండ మీది కన్ను



మా కురబలకోటలో కరెంటు పోయిన రాత్రి మిద్దె ఎక్కితే హార్సిలీ కొండ పైన చుక్కలు రాసి పోసినట్టు కనబడతాయి. అలాంటి ఒక రాత్రి మా మనవరాలు, విశ్వంలో మనకు తెలిసిన పదార్థం నూటికి 5 పాళ్లేననీ, సుమారు 27 పాళ్లు కృష్ణ పదార్థం, 68 పాళ్లు కృష్ణ శక్తి అనీ చెప్పింది. కనబడని వాటిని ఎలా లెక్కగట్టారని అడిగితే, చుక్కల దూరాలూ వేగాలూ కొలిచి అన్నది. నాకు వెంటనే వైను బప్పు గారు గుర్తుకు వచ్చారు.

కేరళ కుటుంబానికి చెందిన బప్పు గారు 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టి, హైదరాబాదులో పెరిగారు. తండ్రిగారు నిజామియా వేధశాలలో ఉద్యోగి. నిజాం కళాశాలలో చదువు ముగించి, హైదరాబాదు ప్రభుత్వ ఉపకార వేతనంతో హార్వర్డుకు వెళ్లారు. 1949లో అక్కడ ఒక కొత్త తోకచుక్కను కనుగొన్నారు. తరువాత ఓలిన్ విల్సన్‌తో కలిసి 1957లో ఒక సూత్రాన్ని ప్రకటించారు. కొన్ని రకాల నక్షత్రాల వెలుగులో, కాల్షియం రేఖ నడుమ ఒక సన్నని మెరుపు ఉంటుంది. అది ఎంత వెడల్పయితే ఆ నక్షత్రం అసలు కాంతి అంత ఎక్కువ. బల్బు ఎన్ని వాట్లదో తెలిస్తే, కనబడే వెలుగును బట్టి అదెంత దూరాన ఉందో చెప్పవచ్చు గదా! ఇదీ అంతే.

ఇదే న్యాయంతో సుదూరపు నక్షత్ర విస్ఫోటనాలను కొలిచి, విశ్వం వ్యాపించే వేగం పెరుగుతున్నదని 1998లో రెండు బృందాలు తేల్చాయి. అందుకు కారణమైనదానికే కృష్ణ శక్తి అని పేరు. అది కాలంతో మారుతున్నదేమోనన్న అనుమానం 2024 నాటి కొలతల వల్ల బలపడింది. కృష్ణ పదార్థమే లేదు, గురుత్వాకర్షణ సూత్రాన్నే సవరించాలని వాదించే వారూ ఉన్నారు. ఎవరి మాట నిలుస్తుందో చెప్పవలసింది కొలతలే.

ఆ కొలతలు మన దేశంలోనూ జరగాలని బప్పు గారి పట్టుదల. 1960లో కొడైకెనాల్ వేధశాల బాధ్యత తీసుకున్నారు. మబ్బు తక్కువ, చీకటి ఎక్కువ ఉన్న చోటు వెదికి, మన కుప్పానికి ఆగ్నేయాన జవ్వాది కొండలలో కావలూరును ఎంచుకున్నారు. 1972లో అక్కడ ఒక మీటరు దూరదర్శిని వెలిసింది. 2.3 మీటర్ల పెద్దదానిని మన దేశంలోనే తయారు చేయించ పూనుకున్నారు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షులయ్యారు. పెద్ద దూరదర్శిని పూర్తికాక మునుపే, 1982 ఆగస్టు 19న మ్యూనిక్‌లో కన్నుమూశారు. అప్పటికి వయసు 55. ఆయనకు పెన్షను తీసుకొనే యోగం లేకపోయింది.

సహచరులు పని ఆపలేదు. 1986 జనవరిలో ఆ దూరదర్శినికి ఆయన పేరే పెట్టి జాతికి అంకితం చేశారు. మనం వదిలివచ్చిన కుర్చీలలోనూ ఎవరో కూర్చుని పని సాగిస్తున్నారు. మన పని చక్కగా అప్పగించి వచ్చామా అన్నదే మనం వేసుకోవలసిన ప్రశ్న.