మా తర్వాత ఈ బిడ్డకు ఎవరు?

బుద్ధి ఎదగని బిడ్డ ఉన్న ఇంట్లో ఒక ప్రశ్న కాపురం ఉంటుంది. పగలంతా పనుల్లో పడి దాన్ని మరిచిపోతారు. రాత్రి లైటు తీసేశాక మళ్లీ గుర్తొస్తుంది. మేం ఉన్నన్నాళ్లూ సరే, మా తర్వాత? మీ ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే ఈ ప్రశ్న మీకు కొత్త కాదు. లేకపోయినా మీ బంధువుల ఇంట్లోనో, పక్క వాటాలోనో చూసే ఉంటారు.

సుమారు వందేళ్ల కిందట ఇదే ప్రశ్న పెర్ల్ ఎస్. బక్‌కూ నిద్ర లేకుండా చేసింది. ‘ది గుడ్ ఎర్త్’ నవల రాసి, 1938లో సాహిత్యానికి నోబెల్ బహుమతి అందుకున్న రచయిత్రిగా ఆమె మీకు తెలిసే ఉంటారు. ఆ నవల వెనుక ఒక చిన్నపిల్ల ఉందన్నది మాత్రం చాలామందికి తెలియదు.

అందమైన పాప.. అందని మాట

పెర్ల్ 1892లో అమెరికాలో పుట్టారు. తల్లిదండ్రులు క్రైస్తవ మిషనరీలు. నెలల పిల్లగా ఉన్నప్పుడే ఆమెను చైనాకు తీసుకెళ్లారు. అక్కడే పెరిగారు, చైనా భాష మాతృభాషలాగే అబ్బింది. 1917లో వ్యవసాయ ఆర్థికవేత్త జాన్ లాసింగ్ బక్‌ను పెళ్లి చేసుకున్నారు. 1920 మార్చిలో పాప పుట్టింది. కారల్ అని పేరు పెట్టుకున్నారు. కాన్పు తర్వాత గర్భాశయంలో కణితి ఉన్నట్టు తేలడంతో ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఇక పిల్లలు పుట్టే అవకాశం లేకుండా పోయింది.

పాప చాలా అందంగా ఉండేది. కానీ నడక ఆలస్యమైంది, మాటలు రాలేదు. కొందరు పిల్లలకు ఆలస్యంగానే వస్తాయిలే అని చుట్టుపక్కలవాళ్లు ధైర్యం చెప్పారు. ఈ మాట మన ఇళ్లలోనూ ఎన్నిసార్లు వింటామో మీకు తెలుసు. పెర్ల్ కూడా నమ్మాలనే అనుకున్నారు, అలా విలువైన ఏళ్లు గడిచిపోయాయి. మూడేళ్లు దాటినా మార్పు లేకపోవడంతో అమెరికాకు తీసుకెళ్లి డాక్టర్ల చుట్టూ తిరిగారు. ఒకరు కాకపోతే ఇంకొకరు. ప్రతిచోటా కొంచెం ఆశ, కొంత ఖర్చు, మళ్లీ నిరాశ.

చివరికి మిన్నెసోటాలోని మేయో క్లినిక్‌కు వెళ్లారు. పెద్ద డాక్టరు కచ్చితంగా ఏమీ తేల్చలేదు. ఆశ పూర్తిగా వదులుకోవద్దన్నట్టే మాట్లాడి పంపారు. బయటికి వస్తుంటే మరో డాక్టరు ఆమెను పక్కకు పిలిచి ఉన్నదున్నట్టు చెప్పేశారు. పాప ఎప్పటికీ మామూలుగా కాదు, ఆశతో మీ జీవితాన్నీ డబ్బునూ కరిగించుకోవద్దు, బిడ్డ సంతోషంగా ఉండే చోటు చూడండి అన్నది ఆయన మాటల సారాంశం. అప్పుడు గుండె పగిలినా, ఆ కఠినమైన నిజం చెప్పినందుకు పెర్ల్ ఆయన పట్ల జీవితాంతం కృతజ్ఞతతోనే ఉన్నారు. మెత్తటి అబద్ధం కంటే దయగా చెప్పిన నిజమే తల్లిదండ్రులకు దారి చూపిస్తుంది.

చెమట పట్టిన చిన్ని చేయి

అయినా తల్లి మనసు ఊరుకోదు. నేనే నేర్పిస్తాను అనుకున్నారు పెర్ల్. అక్షరాలు, రంగులు, పాటలు.. రోజూ పాఠమే. ఒకరోజు కారల్ చేయి పట్టుకుని రాయిస్తుంటే ఆ అరచేయి తడిగా తగిలింది. చూస్తే పాప రెండు చేతులకూ చెమటలు పట్టేశాయి. తను ఏం రాస్తోందో ఆ పిల్లకు అర్థం కావడం లేదు. అమ్మను సంతోషపెట్టాలని మాత్రం బిగుసుకుపోయి కష్టపడుతోంది. పెర్ల్ పుస్తకాలు పక్కన పెట్టేశారు. తను నేర్పిస్తున్నది బిడ్డ కోసమా, తన తృప్తి కోసమా అని ఆ రోజు తనను తాను ప్రశ్నించుకున్నారు.

ఇది చదువుతూ మీరు ఒక్క క్షణం ఆగండి. థెరపీ, ట్యూషన్, హోంవర్క్ అంటూ మనం పరుగులు పెట్టిస్తున్నప్పుడు పిల్లల అరచేతులు ఎప్పుడైనా పట్టుకుని చూశామా? శిక్షణ కావాలి, తప్పకుండా కావాలి. అది పిల్లల శక్తిని బట్టి ఉండాలి, మన ఆత్రాన్ని బట్టి కాదు.

ఇల్లంతా పడ్డ భారం

బిడ్డ సమస్య బిడ్డ దగ్గరే ఆగదు. లాసింగ్ బక్ తన పరిశోధనల్లో, పల్లెల సర్వేల్లో మునిగిపోయి ఉండేవారు. కారల్ బాధ్యత దాదాపుగా పెర్ల్ ఒక్కరిదే అయింది. దంపతుల మధ్య దూరం పెరిగింది, 1935లో విడాకుల దాకా వెళ్లింది. దానికి కారణం కారల్ అనడం అన్యాయం. మోయాల్సిన బరువును ఇద్దరూ పంచుకోకపోవడం కూడా ఒక కారణమంటే తప్పు కాదు.

వీధిలో చూపులు సరేసరి. చైనాలో ఇరుగుపొరుగు కారల్‌ను ఉన్నదున్నట్టు స్వీకరించారు. కుంటివారు, గుడ్డివారు, బుద్ధి మాంద్యం ఉన్నవారు అక్కడ అందరిలో ఒకరిగా తిరిగేవారు. షాంఘైలో ఒకసారి దారిన పోయే ఇద్దరు అమెరికన్ యువతులు పాపను చూసి వెటకారంగా మాట్లాడారు. ఆ తర్వాత పెర్ల్ బిడ్డను పరాయి కళ్లకు దూరంగా ఉంచడం మొదలుపెట్టారు.

అమెరికాలో ఉన్న రోజుల్లోనే నెలల పాప జానిస్‌ను దత్తత తీసుకున్నారు. ఇంట్లో మరో పసి నవ్వు వినిపించడం పెర్ల్‌కు పెద్ద ఊరట. ఈ జానిస్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

బిడ్డ కోసం పట్టిన కలం

1927లో నాన్‌జింగ్‌లో విదేశీయులపై దాడులు జరిగాయి. ఒక పేద చైనా మహిళ తన గుడిసెలో దాచబట్టి పెర్ల్ కుటుంబం ప్రాణాలతో బయటపడింది. తనకేమైనా అయితే కారల్ గతేమిటన్న ప్రశ్న ఆమెకు మరింత దగ్గరగా వచ్చి నిలబడింది. 1929లో న్యూజెర్సీలోని వైన్‌ల్యాండ్ ట్రైనింగ్ స్కూల్లో తొమ్మిదేళ్ల కారల్‌ను చేర్పించారు. ఫీజుకు చేతిలో డబ్బు లేదు, అప్పు చేశారు. బిడ్డను అక్కడ వదిలి చైనాకు తిరిగి వెళ్లడం తన జీవితంలోకెల్లా కష్టమైన పనుల్లో ఒకటిగా ఆమెకు మిగిలిపోయింది.

ఖాళీ అయిన ఇంట్లో కూర్చుని నవల రాశారు. 1931లో ‘ది గుడ్ ఎర్త్’ వచ్చింది, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి దక్కింది. ఆ నవలలో రైతు వాంగ్‌లుంగ్ పెద్ద కూతురికి బుద్ధి ఎదగదు. తన తర్వాత ఆ పిల్లను ఎవరు చూస్తారన్న దిగులు ఆ తండ్రిని ముసలితనం దాకా వదలదు. రాసింది చైనా రైతు కథే అయినా ఆ దిగులు పెర్ల్‌దే.

పుస్తకాల మీద వచ్చిన డబ్బుతో కారల్‌కు జీవితాంతం లోటు లేకుండా ఏర్పాటు చేశారు. స్కూలు ఆవరణలో ఆమె కోసం ఒక ఇల్లు కట్టించారు. 1934లో అమెరికాకు వచ్చి స్థిరపడ్డాక తరచూ వెళ్లి చూసేవారు. కారల్‌కు సంగీతం ప్రాణం, రికార్డులు పెట్టుకుని గంటల తరబడి వినేది.

బిడ్డను దూరంగా ఉంచడమేమిటని మీకు అనిపించవచ్చు. ఆ రోజుల్లో అలాంటి పిల్లలకు మామూలు బడిలో చోటు లేదు, ఇంటి దగ్గర థెరపీ అన్నదే లేదు. ఇప్పుడు ఇంట్లోనే పెంచుతూ సాయం పొందే వీలుంది. దారి మారింది కానీ ముందుచూపు అవసరం మారలేదు.

దాచడం మానేసిన రోజు

చాలా ఏళ్లు పెర్ల్ కారల్ గురించి బయట మాట్లాడలేదు. 1950లో ‘ది చైల్డ్ హూ నెవర్ గ్రూ’ అనే చిన్న పుస్తకంలో అంతా రాసేశారు. అంత పేరున్న మనిషి నా బిడ్డ ఇలా ఉంది అని చెప్పడం అప్పటికి సంచలనమే. నలుగురికీ చెప్పుకోలేక నలిగిపోతున్న తల్లిదండ్రుల నుంచి ఆమెకు ఉత్తరాలు వెల్లువెత్తాయి.

కారణం ఆలస్యంగా తెలిసింది

కారల్ సమస్య ఫినైల్‌కీటోన్యూరియా (పీకేయూ) అని ఆమె పెద్దదయ్యాకే తెలిసింది. ఇది జన్యులోపం. మాంసకృత్తుల్లో ఉండే ఫినైల్‌అలనిన్ అనే పదార్థాన్ని శరీరం మార్చుకోలేదు. అది రక్తంలో పేరుకుపోయి మెదడును దెబ్బతీస్తుంది. నార్వే వైద్యుడు ఫోలింగ్ దీన్ని 1934లో గుర్తించారు. తన ఇద్దరు పిల్లల మూత్రం వాసన తేడాగా ఎందుకుందో చెప్పమని ఒక తల్లి పట్టు వదలకుండా అడగడమే అందుకు దారితీసింది. అప్పటికి కారల్‌కు పద్నాలుగేళ్లు. 1960ల మొదట్లో అమెరికన్ శాస్త్రవేత్త రాబర్ట్ గుథ్రీ శిశువు మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో దీన్ని పట్టుకునే పరీక్ష కనిపెట్టారు. ఆయన కొడుకుకూ మానసిక ఎదుగుదల లోపం ఉంది. పుట్టిన కొద్ది రోజుల్లోనే గుర్తించి ప్రత్యేక ఆహారం మొదలుపెడితే పీకేయూ ఉన్న పిల్లలు అందరిలాగే ఎదుగుతారు.

తల్లీతండ్రీ ఇద్దరిలోనూ ఈ లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలు, దగ్గరి సంబంధాలు ఉన్న కుటుంబాల్లో ఇలాంటి జన్యు సమస్యల ముప్పు ఎక్కువ. కాబట్టి కాన్పు అయ్యాక నవజాత శిశువుల స్క్రీనింగ్ గురించి మీ పిల్లల డాక్టర్‌ను మీరే అడగండి. థైరాయిడ్ లోపం లాంటివీ అందులో బయటపడతాయి.

మీరు ఇప్పుడే చేయగలిగినవి

• అనుమానం వస్తే ‘మాటలు వస్తాయిలే’ అని ఆగకండి. ప్రభుత్వ జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో (డీఈఐసీ) పరీక్షలు చేస్తారు. సికింద్రాబాద్ బోయినపల్లిలో మేధోపరమైన వైకల్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ (ఎన్‌ఐఈపీఐడీ) ఉంది. బడి వయసు పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి.

• వైకల్య ధ్రువీకరణ పత్రం, యూడీఐడీ కార్డు తీసుకోండి. నేషనల్ ట్రస్ట్ ‘నిరామయ’ పథకం కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంటుంది.

• బిడ్డకు 18 ఏళ్లు నిండాక తల్లిదండ్రులు కూడా చట్టం దృష్టిలో వాటంతట అవే సంరక్షకులు కారు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి.

• వారంలో కొన్ని గంటలైనా తల్లికి విశ్రాంతి ఇవ్వండి. తండ్రి, అత్తమామలు, బాబాయిలు వంతులు వేసుకోండి. తోబుట్టువులకు విషయం వాళ్ల వయసుకు తగ్గట్టు చెప్పండి. వాళ్లతో గడిపే సమయం వాళ్లకూ మిగల్చండి.

పెర్ల్ బక్ 1973లో కన్నుమూశారు. కారల్ ఆ తర్వాత మరో 19 ఏళ్లు బతికి 72వ ఏట వెళ్లిపోయింది. అన్నేళ్లూ కారల్‌ను చూసుకుంది ఎవరో తెలుసా? ఆ జానిసే. పెద్దయ్యాక ఆక్యుపేషనల్ థెరపిస్ట్ అయిన ఆమె అక్కకు చట్టబద్ధ సంరక్షకురాలిగా నిలిచింది.

మా తర్వాత ఎవరు అన్న ప్రశ్నకు పెర్ల్ కూడబెట్టిన డబ్బు సగం జవాబు. మిగతా సగం ఆ ఇంట్లో పెరిగిన చెల్లెలు. మీ ఇంట్లోనూ ఆ రెండు సగాల గురించీ భోజనాల దగ్గర ఈ ఆదివారమే మాట్లాడుకోండి.