కొవ్వు జాడ తీసిన షోన్‌హైమర్

మా బయోకెమిస్ట్రీ పాఠంలో రుడాల్ఫ్ షోన్‌హైమర్ పేరు ఇలా వచ్చి అలా పోతుంది. ఆ పేరు వెనకున్న మనిషి గురించి మన విద్యార్థి మిత్రులకు నాలుగు ముక్కలు చెప్పాలని నా కోరిక.

ఆయన 1898లో బెర్లిన్‌లో యూదు కుటుంబంలో పుట్టారు. వైద్యం చదివి, ఫ్రైబుర్గ్‌లో కొలెస్టరాల్ మీద పరిశోధన చేశారు. 1933లో హిట్లర్ గద్దెనెక్కాక దేశం విడిచి న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం చేరారు. డ్యుటీరియం అనే భార హైడ్రోజన్‌ను 1931లో కనుగొన్న యూరీ అక్కడివాడే. యూరీ దగ్గర పనిచేసిన డేవిడ్ రిటెన్‌బర్గ్ ఈయనతో చేయి కలిపాడు.

అప్పట్లో పండితులు ఏమనుకునేవారంటే, తిన్న తిండి అప్పటికప్పుడు ఖర్చయిపోతుంది, మిగిలిందే కొవ్వయి గాదెలో ధాన్యంలా పడి ఉంటుంది, కరువొస్తేనే గాదె తలుపు తీస్తారు అని. నిజమో కాదో తేల్చేదెలా? కడుపులోకి వెళ్ళాక కొత్త కొవ్వేదో, పాత కొవ్వేదో ఎవరు గుర్తుపడతారు? వీళ్ళిద్దరూ అవిసెనూనెకు డ్యుటీరియం ఎక్కించి చిట్టెలుకలకు పెట్టారు. పశువుకి వాత పెట్టి మందలోకి తోలినట్టన్నమాట! తర్వాత ఎలుకల కొవ్వును కాల్చి, వచ్చిన నీటిలో డ్యుటీరియం ఎంతుందో కొలిచారు.

తిండి చాలక బరువు తగ్గుతున్న ఎలుకల్లో సైతం గుర్తున్న కొవ్వులో చాలా భాగం ముందు నిల్వల్లోకే చేరింది! ఖర్చయ్యేది ఆ నిల్వల్లోంచే. గాదె తలుపు ఎప్పుడూ తెరిచే ఉందని 1935లో తేలింది. తర్వాత భార నత్రజనితో మాంసకృత్తుల్లోనూ ఇదే తంతు చూపించారు.

ఒక్కమాట. ట్రేసర్ అనగానే మనవాళ్ళు రేడియోధార్మికం అని రాసేస్తారు. డ్యుటీరియం కిరణాలు చిమ్మదు, బరువే దాని గుర్తు. రేడియోధార్మిక కార్బన్-14 దొరికిందే 1940లో. యుద్ధం తర్వాత గానీ అది ప్రయోగశాలలకు విరివిగా అందలేదు. షోన్‌హైమర్ బృందంలో పనిచేసిన కోన్రాడ్ బ్లాక్, ఎసిటేట్ నుంచి కొలెస్టరాల్ ఎలా తయారవుతుందో ఇలాంటి జాడలతోనే పట్టుకుని 1964లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

షోన్‌హైమర్ అది చూడలేదు. మనోవ్యాకులతతో బాధపడుతూ 1941 సెప్టెంబరులో ఆత్మహత్య చేసుకున్నారు. అప్పటికి 43 ఏళ్ళు. దేశం పోగొట్టుకుని, పరాయిగడ్డ మీద ఎనిమిదేళ్ళలో ఇంత పని చేసిన మనిషి లోపల ఎంత నలిగిపోయాడో తలుచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. హార్వర్డ్‌లో ఇవ్వడానికి ఆయన రాసిపెట్టుకున్న ఉపన్యాసాలు 1942లో పుస్తకంగా వచ్చాయి.