ముందు పటం, తర్వాత కథ

కథ రాయమని తెల్లకాగితం చేతికిస్తే పెన్ను కొరుకుతూ కూర్చునే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. నండూరి రామమోహనరావు ‘కాంచన ద్వీపం’గా మనకు అందించిన ‘ట్రెజర్ ఐలాండ్’ను రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్‌కు ముప్పై ఏళ్లు వచ్చేదాకా ఆ బాధ తప్పలేదు. వ్యాసాలు, యాత్రా రచనలు, చిన్న కథలు అచ్చయ్యాయి. నవల మాత్రం కుదరలేదు. కుర్రతనం నుంచి పది పన్నెండు సార్లు మొదలుపెట్టాడు. ప్రతిదీ కొంతదూరం నడిచి ఆగిపోయింది. ఆగిన ప్రతిసారీ తర్వాతి మొదటి పేజీ మరింత బరువెక్కింది.

ఆయన 1850 నవంబర్ 13న స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టాడు. తాత కాలం నుంచీ ఆ ఇంటివాళ్లది సముద్రపు ఒడ్డున లైట్‌హౌస్‌లు కట్టే వృత్తి. తండ్రి థామస్ ఆ పనిలో పేరున్న ఇంజనీరు. ఒక్కడే బిడ్డ, అందులోనూ చిన్నప్పటి నుంచి ఊపిరితిత్తుల జబ్బు. చలికాలాలు చాలావరకు మంచం మీదే గడిచేవి. పిల్లవాడిని సాకిన కమ్మీ అనే ఆయా రాత్రిళ్లు పక్కన కూర్చుని బైబిల్ కథలు, పాతకాలపు వీరుల కథలు చెప్పేది. అవి బడి ఇంగ్లీషులో కాదు, ఇంట్లో వినిపించే స్కాట్స్ యాసలో సాగేవి. తండ్రికీ ఒక అలవాటు ఉండేది. నిద్ర పట్టేదాకా ఓడలు, దొంగలు, దారిపక్క సత్రాలతో తనకు తానే కథలు అల్లుకునేవాడు. వాటిలో ఒక్కటీ ముగింపుదాకా వచ్చేది కాదట.

ఆరేళ్ల వయసులో ఆ పిల్లవాడు మొదటి ‘పుస్తకం’ చేశాడు. మోషే కథ ఎవరు బాగా రాస్తే వారికి బహుమతి అని బంధువొకాయన ఇంటి పిల్లలకు పోటీ పెట్టాడు. మనవాడికి ఇంకా రాత సరిగా రాదు. అతను చెబుతూ పోతే తల్లి రాసిపెట్టింది. బొమ్మలు మాత్రం తనే వేశాడు. బహుమతీ వచ్చింది. నోటితో చెప్పడం, బొమ్మ వేయడం అనే ఈ రెండూ పాతికేళ్ల తర్వాత ఆయన్ని ఎలా ఆదుకున్నాయో ముందు చూస్తాం.

పెద్దయ్యాక కాలేజీలో ఇంజనీరింగ్ చేరి వదిలేశాడు. తండ్రి నొచ్చుకున్నాడు. ఆయన కోసం లా చదివి 1875లో న్యాయవాది అయ్యాడు గానీ ఆ వృత్తిలో నిలవలేదు. ఆ ఏళ్లలో ఎక్కడికి వెళ్లినా జేబులో రెండు పుస్తకాలుండేవి. ఒకటి చదవడానికి, ఒకటి రాసుకోవడానికి. నచ్చిన రచయిత ఎలా రాశాడో చూసి అలాగే రాసే ప్రయత్నం చేసేవాడు. అవి ఎవరికీ చూపించేవాడు కాదు. మార్కులు వేసేవాళ్లు లేని ఆ రాతే ఆయనకు అసలు పాఠశాల అని నాకనిపిస్తుంది.

1880లో ఫానీ అనే అమెరికన్ మహిళను పెళ్లాడాడు. ఆమెకు మొదటి పెళ్లి పిల్లలున్నారు. సంసారం మీద పడింది, ఆరోగ్యం అంతంత మాత్రం. తండ్రి ఏడాదికి 250 పౌండ్లు ఇస్తానంటేనే ఇల్లు గడిచే స్థితి. రచనతో బతకగలనా అన్నది అప్పటికి తేలని ప్రశ్నే.

1881 వేసవి చివర్లో కుటుంబమంతా బ్రేమార్ అనే కొండ ఊళ్లో ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నారు. వాన తెరిపి ఇవ్వలేదు. సెలవులకు వచ్చిన ఫానీ కొడుకు లాయిడ్‌కు పదమూడేళ్లు. బయటికి వెళ్లే వీల్లేక రంగులు ముందేసుకుని బొమ్మలు వేస్తున్నాడు. స్టీవెన్‌సన్ అప్పుడప్పుడు వెళ్లి పక్కన కూర్చుని తనూ కుంచె పట్టేవాడు. అలా ఒకరోజు ఒక దీవి పటం తయారైంది. మొదట గీసింది తనేనని లాయిడ్ తర్వాత చెప్పుకున్నాడు. ఎవరు గీసినా, రంగులద్ది, కొండలకూ రేవులకూ పేర్లు పెట్టి, నిధి చోటు గుర్తు పెట్టింది స్టీవెన్‌సనే. పటం కేసి చూస్తూంటే చెట్ల మధ్య మనుషులు కదిలినట్టు అనిపించింది. కత్తులు, గునపాలు కనిపించాయి. ఆయన ఒక కాగితం తీసుకుని అధ్యాయాల పేర్లు వరుసగా రాసుకున్నాడు.

మర్నాడు ఉదయం చలిమంట పక్కన మొదటి అధ్యాయం రాశాడు. అప్పటికి కథ పేరు ‘సీ కుక్’, అంటే ఓడ వంటవాడు. కుర్రాడి కోసం రాసే కథ కాబట్టి గొప్పగా ఉండాలన్న బెంగ లేదు. రోజుకొక అధ్యాయం రాసి, మధ్యాహ్న భోజనమయ్యాక ఇంట్లోవాళ్లకు చదివి వినిపించేవాడు. ఒక శ్రోతను రాయబోతే ఇద్దరు దొరికారు. లాయిడ్‌తో పాటు తాతగారి వరస థామస్ కూడా చిన్నపిల్లాడిలా చెవులు రిక్కించాడు. చనిపోయిన దొంగ పెట్టెలో ఏమేమి ఉండాలో దాదాపు రోజంతా కూర్చుని ఆ పెద్దాయనే జాబితా రాసిచ్చాడు. కొడుకు రచయిత అవుతానంటే నొచ్చుకున్న తండ్రి ఈయనే.

ఇంటికి అతిథిగా వచ్చిన ఒక పండితుడు ఆ కథ విని, పిల్లల పత్రిక ‘యంగ్ ఫోక్స్’కు చేరవేశాడు. అది అచ్చుకు తీసుకుంది. సరిగ్గా అప్పుడే, పదిహేను అధ్యాయాలయ్యాక, కలం ఆగింది. పదహారో అధ్యాయంలో ఒక్క మాట ముందుకు సాగలేదు. ఓ పక్క మొదటి భాగం ప్రూఫులు వచ్చి కూర్చున్నాయి. పాత నవలల గతే దీనికీ పట్టబోతోందన్న దిగులు పట్టుకుంది. చేయగలిగింది ఒకటే కనిపించింది. కథను పక్కనపెట్టి, వేరేవాళ్ల నవలలు చదువుతూ, చలికాలానికి స్విట్జర్లాండ్‌లోని దావోస్ వెళ్లాడు. అక్కడ ఒక ఉదయం కాగితాలు ముందేసుకుంటే మళ్లీ రోజుకొక అధ్యాయం చొప్పున, కబుర్లు చెప్పినంత తేలిగ్గా వచ్చి కథ పూర్తయింది. పత్రికలో ధారావాహిక 1882 జనవరిలో ముగిసింది. 1883లో పుస్తకం వచ్చింది.

అచ్చుకు పంపిన అసలు పటం దారిలో పోయింది. పటం చూసి కథ రాసిన మనిషి, ఈసారి కథ చదివి పటం గీయాల్సి వచ్చింది. తండ్రి ఆఫీసులో కూర్చుని, దూరాలన్నీ కథలోంచి లెక్కకట్టి గీశారు. మొదటి దాని రుచి దీనికి రాలేదని స్టీవెన్‌సన్‌కు చివరిదాకా కొరతే.

మన బడులకు దగ్గరగా తోచే సంగతి ఇంకొకటుంది. అదే వేసవిలో, పటానికి కొన్ని వారాల ముందు, పిట్లోక్రీలో ఉండగా ఆయన ‘త్రాన్ జానెట్’ అనే దయ్యం కథ రాశాడు. అది చాలావరకు ఆయా నోట విన్న స్కాట్స్‌లోనే సాగుతుంది. ఫానీకి చదివి వినిపిస్తూంటే ఇద్దరికీ భయమేసి, చేయీ చేయీ పట్టుకుని మేడ దిగారట. అచ్చు భాష ముందు తడబడిన మనిషికి ఇంటి భాషలో కథ ఆ విధంగా పట్టుబడింది.

తర్వాతి ఏళ్లలో ‘జెకిల్ అండ్ హైడ్’, ‘కిడ్నాప్డ్’ వచ్చాయి. రెండూ 1886లోనే. ఆరోగ్యం కోసం 1890లో పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవిలో స్థిరపడ్డాడు. అక్కడివాళ్లు ఆయన్ని ‘టుసిటాలా’ అని పిలిచారు, కథలు చెప్పేవాడని అర్థం. చేయి రాతకు సహకరించకపోతే, ఆరేళ్లప్పుడు తల్లికి చెప్పినట్టే, ఫానీ కూతురికి చెప్పి రాయించేవాడు. 1894 డిసెంబర్ 3 ఉదయం కూడా ‘వీర్ ఆఫ్ హెర్మిస్టన్’ అనే నవల అలాగే చెప్పాడు. అందులో పల్లె మనుషులు మాట్లాడేది కమ్మీ యాసే. ఆ సాయంత్రం కుప్పకూలి, రాత్రికి కన్నుమూశాడు. వయసు 44. నవల తొమ్మిదో అధ్యాయం దగ్గర ఆగి ఉంది.