ఆరు చుక్కలతో చదువు నేర్పిన లూయీ బ్రెయిల్

పారిస్‌కు తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో కూవ్రే అనే పల్లె ఉంది. 1809 జనవరి 4న లూయీ బ్రెయిల్ అక్కడే పుట్టాడు. తండ్రి గుర్రపు జీనులు కుట్టేవాడు. మూడేళ్ల వయసులో నాన్న పనిముట్లతో ఆడుకుంటుంటే, తోలుకు బెజ్జాలు వేసే ఆరె జారి కంట్లో గుచ్చుకుంది. ఆ కంటికి పట్టిన చీము రెండో కంటికీ పాకింది. అయిదేళ్లకల్లా చూపు పూర్తిగా పోయింది.

అయినా అమ్మానాన్నలు బిడ్డను మూలన కూర్చోబెట్టలేదు. ఊరి బడికే పంపారు. విన్న పాఠం ఇట్టే పట్టేసేవాడు. కానీ పుస్తకం తెరిచి చదువుకునే దారి మాత్రం లేదు.

1819లో పారిస్‌లోని అంధ బాలల పాఠశాలలో చేరాడు. అక్కడ మామూలు అక్షరాలనే కాగితంపై ఉబ్బెత్తుగా అచ్చువేసిన పుస్తకాలు ఉండేవి. అవి చాలా పెద్దవి, బరువైనవి. ఒక్కో అక్షరాన్నీ తడిమి పోల్చుకోవడానికే ఎంతో సేపు పట్టేది. పైగా ఆ పద్ధతిలో పిల్లలు సొంతంగా రాసుకోలేరు.

1821లో శార్ల్ బార్బియే అనే మాజీ సైనికాధికారి తయారుచేసిన చుక్కల రాత ఆ బడికి వచ్చింది. గీతల కన్నా చుక్కలే వేలికి బాగా తెలుస్తాయని లూయీ గ్రహించాడు. అయితే అందులో ఒక్కో గుర్తుకు 12 చుక్కల దాకా ఉండేవి. అన్నీ ఒకేసారి వేలి కొనకు అందవు. లూయీ వాటిని ఆరుకు తగ్గించాడు. రెండు వరసలు, వరసకు మూడు చుక్కలు. వీటితో 63 గుర్తులు వస్తాయి. 1824లో ఈ పద్ధతికి రూపం వచ్చేసరికి అతని వయసు 15 ఏళ్లే. 1829లో దాన్ని అచ్చువేశారు. మొనదేలిన పుల్లతో కాగితంపై పొడిస్తే చాలు, చూపులేనివారు తామే రాసుకోవచ్చు, తామే చదువుకోవచ్చు.

ఆయన అదే బడిలో టీచర్ అయ్యారు. కానీ 1840లో వచ్చిన కొత్త అధికారి, చూపున్నవారికి అర్థంకాని రాత వద్దంటూ దాన్ని నిషేధించారు. పుస్తకాలు తగలబెట్టారు. పిల్లలు మాత్రం చాటుమాటుగా నేర్చుకుంటూనే ఉన్నారు. చివరికి 1844లో బడివాళ్లే అందరి ముందూ దాని గొప్పతనం చూపించాల్సి వచ్చింది.

1852 జనవరి 6న, 43 ఏళ్ల వయసులో, క్షయ వ్యాధితో బ్రెయిల్ కన్నుమూశారు. ఫ్రాన్స్ ఆయన లిపిని అధికారికంగా ఒప్పుకున్నది 1854లో.

నేడు తెలుగూ ఉర్దూ కూడా ఆ ఆరు చుక్కల్లోనే రాస్తున్నారు. కుడి నుంచి ఎడమకు సాగే అరబీని సైతం బ్రెయిల్‌లో ఎడమ నుంచి కుడికే చదువుతారు. ఖుర్ఆన్ కూడా ఈ లిపిలో దొరుకుతోంది. 2009లో భారత ప్రభుత్వం ఆయన పేరిట రెండు రూపాయల నాణెం విడుదల చేసింది.

ఇప్పుడు ఫోన్లే చదివి వినిపిస్తున్నాయి. వినడం మంచిదే. కానీ ఏ మాటలో ఏ అక్షరం ఉందో విన్నంత మాత్రాన తెలియదు. ఇంట్లో చూపులేని బిడ్డ ఉంటే వినిపించడంతోనే ఆగిపోకండి, ఆ ఆరు చుక్కలూ నేర్పించండి.