ఒట్టో యెస్పర్‌సన్ – ఆంగ్ల దీర్ఘస్వర పరిణామం

పాణినీయంలో హ్రస్వ దీర్ఘ ప్లుతాల భేదం కాలపరిమాణాన్ని బట్టి ఏర్పడింది. ఏకమాత్రాకాలం హ్రస్వం, ద్విమాత్రాకాలం దీర్ఘం. ఈ సంస్కారంతో ఆంగ్లం చదవబూనిన వారికి తొలిపాఠంలోనే ఆశ్చర్యం కలుగుతుంది. 'బిట్' అనే మాటలోని అచ్చు హ్రస్వమనీ, 'బైట్' అనే మాటలోనిది దానికి దీర్ఘమనీ ఆంగ్లోపాధ్యాయులు బోధిస్తారు. ఇకారానికి ఐకారం దీర్ఘం కావడం మన శిక్షాశాస్త్రానికి గాని, వినే చెవికి గాని సమ్మతం కాదు. ఈ వైపరీత్యానికి గల చారిత్రక కారణాన్ని క్రమబద్ధంగా వివరించి, దానికి స్థిరమైన పేరు పెట్టినవారు ఆంగ్లేయులు కారు. డెన్మార్కు దేశీయులైన ఒట్టో యెస్పర్‌సన్. ఇంగ్లీషు లిపిని చూసి జెస్పర్సన్ అని చదవడం కద్దు గాని, డేనిష్ భాషలో ఆ తొలి హల్లు యకారమే.

ఆయన 1860 జూలై 16న రాండర్స్ పట్టణంలో జన్మించారు. బాల్యంలోనే రాస్మస్ రస్క్ వ్యాకరణాల సాయంతో ఐస్‌లాండిక్, ఇటాలియన్, స్పానిష్ భాషలను కొంత స్వయంకృషితో అభ్యసించారు. 1877లో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర విద్యార్థిగా చేరి, 1881లో దానిని విడిచి పూర్తిగా భాషాధ్యయనానికి మళ్ళారు. జీవనార్థం పాఠశాలలో బోధించారు. డేనిష్ పార్లమెంటులో శీఘ్రలిపి లేఖకులుగా కూడ పనిచేశారు. విన్నదానిని విన్నట్లు వ్రాయవలసిన ఆ వృత్తి ఆయన చెవికి పదును పెట్టి ఉంటుందని ఊహించవచ్చు. అన్ని భాషల ధ్వనులకూ వర్తించే ఒకే లిపి ఉండాలని 1886లో పాల్ పాసీకి లేఖ వ్రాశారు. 1887–88లో ఇంగ్లండు, జర్మనీ, ఫ్రాన్సు దేశాలలో పర్యటించి హెన్రీ స్వీట్ వంటి ధ్వనిశాస్త్రజ్ఞులను కలుసుకొన్నారు. 1893 నుండి 1925 వరకు కోపెన్‌హాగెన్‌లో ఆంగ్లాచార్యులు.

ఆయన పరిశోధనకు మూలాధారాలలో ఒకటి జాన్ హార్ట్ గ్రంథం. 1574లో మరణించిన ఈ హార్ట్ రాజవంశ చిహ్నాలను పరిశీలించే ఉద్యోగి. వ్యాకరణం ఆయన వృత్తి కాదు. అయినా ఆంగ్ల వర్ణక్రమం ఉచ్చారణకు దూరమైపోయిందని గుర్తించి, 1569లో కొత్త లేఖన పద్ధతిని ప్రతిపాదిస్తూ గ్రంథం ప్రకటించారు. దీర్ఘాచ్చును తెలుపడానికి అక్షరం క్రింద చుక్క పెట్టారు. సంస్కర్తగా ఆయన విఫలులైనా సాక్షిగా అమూల్యులు. హార్ట్ ఉచ్చారణను గూర్చి యెస్పర్‌సన్ 1907లో ప్రత్యేక గ్రంథమే వెలువరించారు. పూర్వపు ఈకారం అప్పటికే ఎయి వంటి సంయుక్త స్వరమైందనీ, పూర్వపు ఆకారం మాత్రం ఇంకా ఆకారంగానే నిలిచి ఉందనీ అందువల్ల తేలింది.

1909లో వెలువడిన ఆధునికాంగ్ల వ్యాకరణ ప్రథమ సంపుటంలో ఈ మార్పులన్నిటినీ ఒకే ప్రక్రియగా కూర్చి 'గ్రేట్ వవెల్ షిఫ్ట్' అన్నారు. మహాస్వరపరివర్తనం అనవచ్చు. స్థూలంగా చెప్పాలంటే 'ఫేట్' ఫీట్ అయింది, 'మోన్' మూన్ అయింది, ఆకారం ఏకారమైంది. నోటిలో ఇక పైకి పోవడానికి చోటులేని ఈ, ఊలు ఐ, ఔలుగా విడివడ్డాయి: 'టీమ' టైమ్, 'హూస్' హౌస్. హ్రస్వాలు చాలమేరకు కదలలేదు. అందువల్లనే 'డివైన్', 'డివినిటీ' అన్న జంటలో అచ్చులు వేరయ్యాయి. 1476లో కాక్స్‌టన్ స్థాపించిన ముద్రణ క్రమంగా పాత లేఖనాన్ని స్థిరపరచగా, ఉచ్చారణ ముందుకు సాగిపోయింది. ఇకారానికి వృద్ధి ఐకారమే కదా అని వైయాకరణులకు తోచవచ్చు. కాని వృద్ధి ప్రత్యయాది నిమిత్తం కలది. ఇది నిమిత్తాపేక్ష లేక దీర్ఘాలన్నిటికీ కలిగిన మార్పు.

'నేమ్' అనే మాట చరిత్ర సంస్కృతజ్ఞులకు మరింత రుచిస్తుంది. చాసర్ కాలంలో దాని ఉచ్చారణ 'నామ' అనదగినది. అది సంస్కృత నామన్ శబ్దానికి జ్ఞాతి అన్నది నిజమే. అయితే ఆ దీర్ఘం వారసత్వంగా వచ్చినది కాదు. ప్రాచీనాంగ్లంలో అది హ్రస్వాకారంతో 'నమ'. వివృతాక్షరంలో ఉన్నందున మధ్యయుగంలో దీర్ఘమైంది. జ్ఞాతిత్వం సత్యం, దీర్ఘసామ్యం కాకతాళీయం.

ఏ అచ్చు ముందు కదలింది అన్నది వివాదం. పైనున్న ఈ, ఊలు స్థానం ఖాళీ చేయగా క్రిందివి పైకి వచ్చాయని యెస్పర్‌సన్ మతం. క్రిందివే పైవాటిని త్రోశాయని ఆస్ట్రియా పండితులు కార్ల్ లూయిక్ వాదం. ఉత్తర ఇంగ్లండు, స్కాట్లండు మాండలికాలలో ఓకారం ముందే నోటి ముందుభాగానికి జరిగిపోయింది. అక్కడ ఊకారాన్ని త్రోసేది లేక 'హూస్' అలాగే నిలిచింది. ఈ సాక్ష్యం యెస్పర్‌సన్ మతానికి ప్రబల ప్రతిబంధకమే. ఇవన్నీ ఒకే పరివర్తనమా అనే సందేహాన్ని 1988లో స్టాక్‌వెల్, మింకోవాలు లేవనెత్తారు. ఆ పేరు మాత్రం పాఠ్యగ్రంథాలలో స్థిరపడింది.

1920–21లో విశ్వవిద్యాలయ రెక్టరుగా ఉన్నారు. 1928లో నోవియల్ అనే కృత్రిమ భాషను ప్రతిపాదించారు. 1943 ఏప్రిల్ 30న రోస్‌కిల్డేలో మరణించారు. ఆంగ్ల వ్యాకరణం ఏడవ సంపుటాన్ని నీల్స్ హైస్‌లండ్ పూర్తిచేయగా 1949లో వెలువడింది.