నికోలా టెస్లా

నికోలా టెస్లా (జూలై 10, 1856 - జనవరి 7, 1943) సెర్బు జాతికి చెందిన అమెరికన్ ఆవిష్కర్త, విద్యుత్ ఇంజనీరు. ఏకాంతర విద్యుత్తుతో పనిచేసే మోటారు ఈయనకు ప్రపంచ ఖ్యాతిని తెచ్చింది. అంతగా ప్రచారానికి రాని మరొక ఘనత కూడా ఈయనకు ఉన్నది. రేడియో తరంగాల ద్వారా ఒక యంత్రాన్ని దూరం నుండి నడిపే విధానానికి 1898లో పేటెంటు పొందినవాడు టెస్లాయే. నేడు కారు తలుపును దూరం నుండి తెరిచే రిమోట్ తాళంచెవికి మూలసూత్రం అందులోనే ఉన్నది.

బాల్యం, విద్యాభ్యాసం

టెస్లా నాటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని స్మిల్యాన్ గ్రామంలో జన్మించాడు. ఈ గ్రామం ప్రస్తుతం క్రొయేషియాలో ఉన్నది. తండ్రి మిలుతిన్ సనాతన క్రైస్తవ మతాచార్యుడు. తల్లి జూకా చదువు లేకున్నా ఇంటి పనిముట్లను తానే తయారుచేసుకొనగల నేర్పరి. 1875లో గ్రాజ్ నగరంలోని సాంకేతిక విద్యాలయంలో చేరినా పట్టా పొందలేదు. బుడాపెస్టులో టెలిఫోను కేంద్రంలోను, పారిస్‌లో ఎడిసన్ సంస్థలోను పనిచేసి, 1884లో న్యూయార్క్ చేరాడు.

ఏకాంతర విద్యుత్తు

ఎడిసన్ వద్ద టెస్లా కొద్ది నెలలు మాత్రమే ఉన్నాడు. ఆ తరువాత కొంతకాలం కందకాలు త్రవ్వే కూలిగా పొట్టపోసుకున్నాడు. 1888లో భ్రమణ అయస్కాంత క్షేత్రంపై ఆధారపడిన మోటారుకు పేటెంట్లు పొందగా, వాటి హక్కులను జార్జ్ వెస్టింగ్‌హౌస్ తీసుకున్నాడు. నయాగరా జలపాతం వద్ద ఉత్పత్తి అయిన విద్యుత్తు 1896లో సుమారు 35 కి.మీ. దూరంలోని బఫెలో నగరానికి చేరడంతో ఏకాంతర విద్యుత్తుపై వివాదం దాదాపుగా ముగిసింది. అదే సంవత్సరం న్యూయార్క్‌లో టెస్లా స్వామి వివేకానందుని కలుసుకున్నాడు.

రేడియో పడవ

1895 మార్చిలో టెస్లా ప్రయోగశాల అగ్నికి ఆహుతి అయినది. పరికరాలు, వ్రాతప్రతులు బూడిదయ్యాయి. అయినను మూడేళ్ళు తిరగకముందే నాలుగడుగుల పొడవున్న ఇనుప పడవను నిర్మించి, 1898లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీటి తొట్టిలో నడిపి చూపాడు. ఒడ్డున ఉన్న పెట్టె మీది మీటలు త్రిప్పగానే పడవ ముందుకు సాగేది, ప్రక్కకు తిరిగేది, దీపాలు వెలిగించేది. పడవకు, పెట్టెకు నడుమ తీగ ఏదీ లేదు. లోపల శిక్షణ పొందిన కోతి ఉన్నదని కొందరు చూపరులు అనుకున్నారని చెబుతారు. 64కు ఘనమూలం ఎంతని అడిగితే పడవ దీపాన్ని నాలుగుసార్లు వెలిగించి బదులిచ్చిందనే కథ కూడా ప్రసిద్ధం. ప్రశ్న విని మీట నొక్కినది టెస్లాయేనని వేరే చెప్పనక్కరలేదు.

పడవ పనిచేసే తీరు ఇది. తరంగం తాకినపుడు చిన్న గొట్టంలోని లోహపు రజను విద్యుత్తును పోనిస్తుంది. దానితో ఒక చక్రం ఒక మెట్టు తిరుగుతుంది. చక్రం ఏ మెట్టులో ఉన్నదనే దానిని బట్టి చుక్కాని మోటారు కుడికో ఎడమకో తిరుగుతుంది, లేదా ఆగుతుంది. వెంటనే గొట్టం తలక్రిందులై, రజను విడివడి, తరువాతి సంకేతానికి సిద్ధమవుతుంది. పడవను కదిలించే బలం అందులోని బ్యాటరీలదే. గాలిలో వచ్చేది ఆజ్ఞ మాత్రమే. కారు తాళంలోనూ అంతే, గడియను లాగేది కారు బ్యాటరీ.

ఈ పద్ధతికి 1898 నవంబరు 8న 613,809 సంఖ్యగల పేటెంటు లభించింది. పేటెంటులో పడవలతో పాటు ఇతర వాహనాలు కూడా పేర్కొనబడ్డాయి. అది స్పెయిన్‌తో అమెరికా యుద్ధం చేసిన సంవత్సరం. అయినా నౌకాదళం దీనిపై ఆసక్తి చూపలేదు. 1915లో పేటెంటు గడువు తీరిపోయింది.

ఆజ్ఞ ఎవరిది?

ఈ పడవలో ఒక లోపం ఉన్నది. తగిన పౌనఃపున్యం గల తరంగాన్ని ఎవరు పంపినా పడవ లోబడుతుంది. టెస్లా దీనిని గుర్తించి, రెండు వేర్వేరు పౌనఃపున్యాలు కలిసి వస్తేనే పనిచేసే గ్రాహకాన్ని రూపొందించాడు. 1903లో దీనికి రెండు పేటెంట్లు పొందాడు. ఒక్క సంకేతమే వస్తే యంత్రం కదలదు. లోపలి పుల్లలన్నీ సరిగా లేస్తేనే తెరుచుకునే తాళంతో దీనిని పోల్చవచ్చును.

నేటి కారు తాళంచెవి ఇంకొక మెట్టు ఎక్కినది. ఐరోపాలో సాధారణంగా 433.92, అమెరికాలో 315 మెగాహెర్ట్‌జ్ వద్ద పనిచేసే ఈ చెవి, మీట నొక్కిన ప్రతిసారి ఒక లెక్కను పెంచి, దానిని రహస్య సంకేతంగా మార్చి పంపుతుంది. కారు క్రితం విన్నదానికంటే ముందున్న లెక్కనే అంగీకరిస్తుంది. అందువలన కారు ఒకసారి విన్న సంకేతాన్ని దొంగ మరల వినిపించినా ప్రయోజనం ఉండదు. మీట నొక్కకుండానే తెరుచుకునే కార్లలో కారే సుమారు 125 కిలోహెర్ట్‌జ్ వద్ద బలహీనమైన పిలుపు పంపితే, జేబులోని చెవి బదులు పలుకుతుంది. ఈ సౌకర్యమే కొత్త దొంగతనానికి దారితీసింది. ఒకడు కారు వద్ద, మరొకడు ఇంటి గుమ్మం వద్ద నిలిచి పిలుపును ఇంట్లోని చెవి దాకా చేరవేస్తారు. సంకేతాన్ని ఛేదించే పనే లేదు. అందుకే కొన్ని కొత్త కార్లు తరంగం వచ్చిపోయే కాలాన్ని కొలిచి, చెవి నిజంగా దగ్గరున్నదో లేదో నిర్ధారించుకుంటాయి.

చివరి రోజులు

1901లో జె.పి. మోర్గాన్ ఇచ్చిన లక్షన్నర డాలర్లతో టెస్లా న్యూయార్క్ సమీపంలోని వార్డెన్‌క్లిఫ్‌లో పెద్ద ప్రసార గోపురాన్ని ప్రారంభించాడు. ఆ సంవత్సరం డిసెంబరులోనే మార్కోనీ అట్లాంటిక్ మీదుగా సంకేతం పంపగా, మోర్గాన్ మరింత ధనం ఇవ్వ నిరాకరించాడు. గోపురం 1917లో కూల్చివేయబడింది. టెస్లా అవివాహితుడు. హోటలు గదులలో నివసిస్తూ, పావురాలకు మేత వేస్తూ వృద్ధాప్యం గడిపి, న్యూయార్కర్ హోటలులో మరణించాడు.

అదే సంవత్సరం జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు టెస్లాను రేడియో ఆవిష్కర్తగా ప్రకటించిందని పలుచోట్ల వ్రాస్తారు. ఇది సరికాదు. లాడ్జ్, టెస్లా, స్టోన్‌ల పూర్వ కృషి దృష్ట్యా మార్కోనీ పేటెంటులోని కొన్ని అంశాలు చెల్లవని మాత్రమే కోర్టు తీర్పునిచ్చింది.

1960లో అయస్కాంత అభివాహ సాంద్రత ప్రమాణానికి టెస్లా పేరు పెట్టబడింది. చితాభస్మం బెల్‌గ్రేడ్‌లోని నికోలా టెస్లా మ్యూజియంలో, బంగారు పూత పూసిన గోళంలో ఉన్నది.