ల్యాబ్‌లో ఉద్యోగం ఊడింది.. పెన్నుతో దుమ్ము రేపాడు! మన సికింద్రాబాద్ దోమ కథ రాసి చిక్కుల్లో పడ్డ పాల్ డి క్రైఫ్

పోలియో చుక్కల గురించి తెలియని ఇల్లు ఉండదు. ఆ చుక్కల మందు కనిపెట్టిన ఆల్బర్ట్ సాబిన్ నిజానికి డెంటల్ స్టూడెంట్. ఒక పుస్తకం చదివి మెడిసిన్‌కి మారిపోయాడు. ఆ పుస్తకమే మైక్రోబ్ హంటర్స్. రాసింది పాల్ డి క్రైఫ్.

క్రైఫ్ 1890లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పుట్టాడు. బ్యాక్టీరియాపై పీహెచ్‌డీ చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల గాయాలు కుళ్లిపోయే గ్యాస్ గ్యాంగ్రీన్‌పై పనిచేశాడు. ఆ తర్వాత న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. అప్పట్లో అంతకన్నా పెద్ద ల్యాబ్ ఉద్యోగం ఏముంటుంది? కానీ ఊరుకోలేదు. సైన్స్ పరీక్షకు నిలవని వైద్యాన్ని, డాక్టర్ల తీరును ఏకిపారేస్తూ పేరు పెట్టకుండా వ్యాసాలు రాశాడు. రాసిందెవరో బయటపడిపోయింది. 1922లో ఉద్యోగం పోయింది.

ఇక రాతే బతుకుదెరువు. సింక్లెయిర్ లూయిస్ రాసిన యారోస్మిత్ నవలకు సైన్స్ అంతా క్రైఫే అందించాడు. అట్ట మీద పేరు మాత్రం లూయిస్‌దే! క్రైఫ్‌కు దక్కింది రాయల్టీలో 25 శాతం.

1926లో సొంతంగా మైక్రోబ్ హంటర్స్ తెచ్చాడు. లీవెన్‌హుక్, పాశ్చర్, కాక్.. సూక్ష్మజీవుల వెంటపడ్డ వీళ్లందరి కథలు థ్రిల్లర్‌లా ఉంటాయి. పక్కనే నిలబడి చూసినట్టు సీన్లు, డైలాగులు కల్పించేశాడు. అది తప్పే. కానీ జనం వదలకుండా చదివారు.

అసలు గొడవ మన సికింద్రాబాద్ దగ్గర మొదలైంది. మలేరియా క్రిమి దోమ కడుపులో ఉంటుందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది ఇక్కడే. బేగంపేటలో ఆ భవనం ఇంకా ఉంది. 1902లో నోబెల్ రాస్‌కే వచ్చింది. మనిషికి మలేరియా ఎక్కించేది అనోఫిలిస్ దోమేనని తేల్చిన ఇటలీ సైంటిస్ట్ గ్రాస్సీకి మాత్రం దక్కలేదు. ఇద్దరూ ఏళ్ల తరబడి తిట్టుకున్నారు. క్రైఫ్ ఆ తగువును దాచకుండా, రాస్‌కు నచ్చని రీతిలో రాసేశాడు. అప్పటికి రాస్ బతికే ఉన్నాడు. పరువునష్టం కేసు భయంతో బ్రిటన్ ఎడిషన్‌లో ఆ చాప్టర్ మొత్తం ఎత్తేశారు!

తర్వాత క్రైఫ్ రీడర్స్ డైజెస్ట్ లాంటి పత్రికల్లో కొత్త మందులపై ఏళ్ల పాటు రాశాడు. 1971లో, 80 ఏళ్ల వయసులో మిషిగన్‌లోనే చనిపోయాడు. మైక్రోబ్ హంటర్స్ మాత్రం ఇప్పటికీ అమ్ముడవుతూనే ఉంది.